అందరి ఏరువాక

జ్యేష్ఠ పున్నమి దగ్గర పడుతుందనంగానే జమ్మలమడుగు చుట్టుపక్కల మా పల్లెల్లో పనులన్నీ ఎద్దుల చుట్టూ తిరిగేవి. పెన్న ఒడ్డున నల్లరేగడి నేలలు మావి. వాన పడితే బంక, ఎండితే నెర్రెలు. ఆ నేలలో మడక దింపే ముందు ఎద్దుకు ఒక పండగ చేయాలి. అదే ఏరువాక పున్నమి. కన్నడసీమ రైతులు ఇదే రోజును కార హుణ్ణిమె అని చేసుకుంటారు.

ఏడాదిలో పగలు బాగా పొడుగ్గా ఉండే రోజులు కూడా అవే. జూన్ 20, 21 తేదీల్లో మా దగ్గర పగలు దాదాపు 13 గంటలు. పంచాంగం దక్షిణాయనాన్ని జూలై 16 దగ్గర చూపిస్తుంది గానీ, పొద్దు ఉత్తరపు కొసకు పోయి వెనక్కి మళ్లేది జూన్‌లోనే. మా అబ్బ ఆ సంగతి నీడను బట్టి చెప్పేవాడు. ఏడాదిలో ఎక్కువ నెలలు మిట్టమధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుంది. మే, జూన్, జూలై నెలల్లో సూర్యుడు మన నెత్తి దాటి పోతాడు కాబట్టి అది దక్షిణానికి వాలుతుంది. కళ్లంలో పాతిన గుంజ దగ్గర నిలబెట్టి, "పొద్దు ఆ కొసకు పోయిందబ్బీ, ఇంక తిరుక్కుంటాది. గొర్రూ మడకా సరిచేసుకోవాల" అనేవాడు.

పండక్కి ముందు నాయనతో ప్రొద్దుటూరు పోయేవాణ్ణి. బంగారం అంగళ్లకు పేరుపడిన ఊరు అది. మేము మాత్రం కొమ్ములకు పూసే రంగులు, ఇత్తడి కుప్పెలు, మువ్వల పట్టెడలు, కొత్త ముకుతాళ్లు కొనుక్కుని వచ్చేవాళ్లం. నాయన ఒక్కొక్క మువ్వనూ చెవి దగ్గర ఆడించి, మోత బాగున్న పట్టెడనే తీసుకునేవాడు.

కొన్నవి కొన్నే. మిగతాదంతా ఊళ్లో చేతులే చేసేవి. కాడి, మడక వడ్లాయన చెక్కాలి. కర్రు కమ్మరి సాగ్గొట్టాలి. పలుపులు, చర్నాకోలలు తోలుపని చేసే కుటుంబాల నుంచి రావాలి. ఆ కుటుంబాల్లో చాలామంది క్రైస్తవులు. ఎద్దుల పళ్లు చూసి వయసు చెప్పడంలో, సుళ్లు చూడడంలో మా ఊళ్లో దూదేకుల పెద్దాయనదే చివరి మాట. ఆయన "సరే" అంటేనే మా నాయన ఎద్దుల బేరం ముగించేవాడు. పెద్దాయన కొట్టంలోని ఎద్దులకూ పండగ రోజు మా ఎద్దులకు మాదిరే పసుపు, కుంకుమ, గంగడోలు కింద మువ్వలు.

సాయంత్రం అసలు సంబరం. ఊరి బయట దారికి అడ్డంగా రెండు గుంజలు నాటి గోగునారతో పేనిన తోరణం కట్టేవాళ్లు. ఎద్దులను తోలుకొచ్చిన రైతులు చర్నాకోలలతో దాన్ని కొట్టి తెంపాలి. మోకు లావున ఉండేది ఆ తోరణం. మొదటి దెబ్బలకు దుమ్ము తప్ప ఏమీ రాలదు. కాసేపటికి పైపొర చిట్లుతుంది, లోపలి తెల్లటి పీచు బయటపడి గాలికి ఊగుతుంది. అప్పటి నుంచి కేకలు. తెగి పడిన పీచు ఎవరికి దొరికితే వాళ్లది. దాన్ని తెచ్చి మడకకు, ఎద్దు మెడకు కడితే ఆ ఏటి సేద్యం బాగుంటుందని నమ్మకం.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మా అబ్బ కాలంలో ఆ చర్నాకోలలు చేసినవాళ్లు అందరికన్నా వెనక నిలబడేవాళ్లు. వాళ్ల వంతు వచ్చేసరికి తోరణంలో పీచు మిగిలేది కాదు. నా చిన్నతనంలోనే వాళ్ల పిల్లలు దాన్ని ప్రశ్నించారు. ఊరు రెండేళ్లు ముఖాలు ముడుచుకుని, చివరికి ఎవరు ముందు కొట్టాలో చీటీలు వేయడం మొదలుపెట్టింది. నా దృష్టిలో ఏరువాక అందరి పండగ అయింది ఆ చీటీలతోనే.

మా మేనత్తను పులివెందుల పక్కకు ఇచ్చారు. అక్కడివి ఎర్రనేలలు. మా రేగడిలో జొన్న, శనగ పడాలంటే సెప్టెంబరు దాటాలి. అత్తవాళ్లకు ఏరువాక అయిన వెంటనే, ఆరుద్ర కార్తెలోనే చెనిక్కాయ విత్తనం. తొలి వాన వెలిసిన పొద్దున తడి మట్టి మీద మఖమల్ ముక్కల్లా ఎర్రటి ఆరుద్ర పురుగులు పాకుతుండేవి. అరచేతిలోకి తీసుకుంటే కాళ్లు ముడుచుకుని కదలకుండా ఉండేవి. "వాటిని తొక్కొద్దు నాయనా, వానను తెచ్చినవి" అంటూ అత్త మడక వెనకాలే నడుస్తూ సాలులో గింజలు వేసేది. ఆమెకు ఒక పక్క సాలులో పొరుగింటి సాయిబుల అక్క, ఇంకో పక్క మా అత్త కోడలు. సాలు సాలుకూ ముగ్గురి మాటలూ తెగేవి కావు.

నేను చూసిన వాటిలో 2016 ఏరువాక మనసులో బాగా నాటుకుంది. ఆ ఏడు పున్నమి జూన్ 20న వచ్చింది. ఆ రాత్రి తెల్లవారకముందే సూర్యుడు దక్షిణానికి మళ్లాడు. పైగా రంజాన్ నెల. ఏడాదిలోకెల్లా పొడుగు పగలు మా ముస్లిం రైతులు ఉపవాసంలో ఉన్నారు. తోరణం ఇఫ్తార్ తర్వాత పెట్టుకుందామని కొందరన్నారు. దూదేకుల పెద్దాయన ఒప్పుకోలేదు. "పొద్దుండంగా కొట్టేది పండగ. ఎప్పటి మాదిరే కానియ్యండి" అన్నాడు. ఆ సాయంత్రం ఎద్దుల వెంట పరుగెత్తిన కుర్రాళ్లలో సగం మంది గొంతులో నీటి చుక్క లేదు. ఎవరూ చెప్పకపోయినా మిగతావాళ్లు మజ్జిగ కడవలను చెట్టు చాటుకు జరిపారు. తోరణం తెగేసరికి పడమట పొద్దు, తూర్పున పున్నమి చంద్రుడు ఎదురెదురుగా ఉన్నారు. ఆరూ ముప్పావు దాటాక అజాన్ వినపడింది. అందరూ చెట్టు కిందే కూర్చున్నారు. వాళ్ల ఖర్జూరాలు మాకు, మా అమ్మ చేసిన ఓళిగలు వాళ్లకు. చర్చి వీధి వాళ్లు మామిడిపండ్లు గంపతో దించారు.

ఆ ఏడు ఆగస్టులో వాన మొహం చాటేసింది. సీమలో చెనిక్కాయ పైరు వాడిపోతుంటే ప్రభుత్వం రెయిన్‌గన్లు తెచ్చి తడి పెట్టించింది. పండగ చేసినంత మాత్రాన వాన వస్తుందని మా ఊళ్లో ఎవరూ అనుకోరు. కానీ పైరు ఎండినప్పుడు ఇంజన్లు, పైపులు ఒకరికొకరు ఇచ్చుకున్నది చెట్టు కింద కలిసి తిన్నవాళ్లే. కరువు జిల్లాలో అంతకన్నా పెద్ద ఆసరా నేను చూడలేదు.

ఇప్పుడు ఎద్దుల జతలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ట్రాక్టర్లకు పసుపు పూసి, మువ్వల పట్టెడ కట్టి తెస్తున్నారు. దానికి నాకు బాధ లేదు, సేద్యం చేసేది ఏదైతే దానికే పూజ. గోగు వేసేవాళ్లు లేక తోరణానికి నార దొరకకపోవడమే నా బాధ. మొన్నొకసారి నైలాన్ తాడు కట్టారు. దాన్ని ఏ చర్నాకోలా తెంపలేకపోయింది, చివరికి కొడవలితో కోశారు. ఎవరికీ పీచు దక్కలేదు.

గుడి, మసీదు, చర్చి మూడింటి మనుషులూ తమదే అనుకునే పండగ మా ఊళ్లో ఇదొక్కటే. కువైట్‌లో, బెంగళూరులో ఉన్న మా పిల్లలు సంక్రాంతికి, రంజాన్‌కు, క్రిస్మస్‌కు సెలవు పెట్టినట్టే దీనికీ పెట్టి రావాలి. ఊళ్లో ఉన్నవాళ్లం చేని గట్టున ఒక సాలు గోగు వేసుకోవాలి. నేను వేశాను. నార కావలసిన ఊరు ఏదైనా అడగొచ్చు, ఇస్తాను.