పండు పేరు ఇప్పుడే చెప్పను



నేను ఎం.ఫార్మసీ చదువుతున్నాను. మా కొండ మీద దొరికే ఒక పండు ఒత్తిడిని తట్టుకోడానికి పనికొస్తుందా అన్నది నా ప్రాజెక్ట్. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని కొన్ని ఎలుకలకి రోజూ పండు ఎక్స్‌ట్రాక్ట్, కొన్నిటికి ఉత్త నీళ్లు పట్టాం. తర్వాత ఒక్కోదాన్ని నీళ్లున్న గాజు జాడీలో 6 నిమిషాలు వదలాలి. చివరి 4 నిమిషాల్లో ఎంతసేపు ఈదడం మానేసి ఊరికే తేలిందో లెక్కపెట్టాలి. ఆ సమయం తగ్గితే అది ఒక సూచన మాత్రమే. మనిషికి మందైపోయినట్టు కాదు.

సెలవులకెళ్లి అవ్వకి చెప్పాను. "దానికి ఎలకని నీట్లో పడీయాలేటిరా? పోడుకెళ్తే మీ తాత అదే నమిలీవోడు. నేను చెప్తేనే కదా నీకు తెలిసింది!" అంది.

ఆ రాత్రి థీసిస్ తెరిచాను. "స్థానిక గిరిజనులు ఈ పండును వాడతారు" అని నేనే రాశాను. అవ్వా, తాతా, ఊరూ అంతా ఆ ఒక్క ముక్కలోనే అయిపోయారు.

కేరళ కాణి ఆదివాసుల సంగతి గుర్తొచ్చింది. 1987లో అగస్త్యమల అడవిలో శాస్త్రవేత్తలు అలసిపోతే, దారి చూపే కాణీలు మాత్రం ఏవో పండ్లు నములుతూ హుషారుగా నడిచారట. అడిగితే మొదట చెప్పలేదు. అది ఆరోగ్యపచ్చ. పరీక్షలు చేసి, ఆ మొక్క ఆకులతో 'జీవని' మందు తయారుచేశారు. 1995లో ఒక కంపెనీకి లైసెన్స్ ఇచ్చి 10 లక్షల ఫీజు, 2 శాతం రాయల్టీ తీసుకున్నారు. అందులో సగం కాణీలకని ఒప్పుకున్నారు. 1997లో వాళ్ల ట్రస్ట్ ఏర్పడింది. అయినా కాణీల్లోనే కొందరు మమ్మల్ని అడగలేదని అభ్యంతరం చెప్పారు. వాటా ఇచ్చినచోటే ఇలా ఉంటే, అడగనిచోట ఏముంటుంది?

అందుకే పండు పేరు ఇక్కడ రాయట్లేదు. థీసిస్ ఇచ్చేముందు ఊరి సభలో పెడతాను. ఒప్పుకుంటే ఊరి పేరుతో, అవ్వ పేరుతో రాస్తాను. వద్దంటే ప్రాజెక్ట్ మార్చుకోవాలి, ఒక ఏడాది పోవచ్చు. భయంగానే ఉంది.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీల్లో కమిటీ, మన జ్ఞానం నమోదుచేసే రిజిస్టర్ ఉండాలి. మీ ఊళ్లో ఉన్నాయా? అందులో ఏం రాశారో, ఎవర్ని అడిగి రాశారో ఒకసారి చూడండి. ఫార్మసీ, బోటనీ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, శాంపిల్ కోసే ముందే అడగండి. నేను ఆలస్యంగా అడుగుతున్నాను.

జై ఆదివాసీ.