పాత కూలింగ్ టవర్లు లేని పాల్వంచ

పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్ (కేటీపీఎస్) పాత ప్లాంటు వైపు చూస్తే, వంద మీటర్లకు పైగా ఎత్తున ఎనిమిది కూలింగ్ టవర్లు ఉండాల్సిన చోట ఖాళీ ఆకాశమే కనిపిస్తుంది. 2024 ఆగస్టు 5న వాటిని పేలుడు పదార్థాలతో క్షణాల్లో నేలమట్టం చేశారు. సింగరేణి బొగ్గుతో, కిన్నెరసాని నీళ్లతో 1966 నుంచి కరెంటిచ్చిన ఏ, బీ, సీ స్టేషన్ల సామర్థ్యం 720 మెగావాట్లు. కాలం చెల్లి 2020కల్లా మూతపడ్డాయి. మూసేయడంపై నాకు పేచీ లేదు. పాత బాయిలర్లు బొగ్గు ఎక్కువ తిని కరెంటు తక్కువిస్తాయి. మూసేశాక, కూల్చే ముందు, ఇందులో ఏది ఉంచుదామన్న ప్రశ్న గట్టిగా వినపడకపోవడమే నా పేచీ.

వారసత్వమంటే మనకు కోట, గుడి, దేవిడీ. కొత్త శాసనసభ కోసం హైదరాబాద్‌లోని ఎర్రమంజిల్‌ను కూల్చాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. నవాబు ఫక్రుల్‌ముల్క్ కట్టిన ఇల్లు గనక అది ఎప్పుడో వారసత్వ జాబితాకెక్కింది, కోర్టుకెళ్లినవాళ్లకు పట్టు దొరికింది. అదే నగరంలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో వెలసిన థర్మల్ కేంద్రం మాత్రం ఆనవాలు లేకుండా పోయింది. పోనీ, పాల్వంచకు చరిత్ర తక్కువా? ఈ ప్లాంటులో స్థానికులకు ఉద్యోగాలివ్వాలని 1969 జనవరిలో మొదలైన ఆందోళనే ఖమ్మం మీదుగా తెలంగాణ అంతటా పాకింది. ఆ ఉద్యమం పాఠ్యపుస్తకాల్లో ఉంది, ప్లాంటు తుక్కు కింద పోయింది.

ఖాళీ కాంక్రీటు గొట్టాలను ఎవరు మేపుతారు, పెచ్చులూడి ఎవరిమీదైనా పడితే బాధ్యులెవరు, ప్లాంటు నడిపే జెన్‌కోకు స్థలం, డబ్బు అక్కర్లేదా అంటారు. టవర్ల వరకు ఈ మాట ఒప్పుకుంటాను, ఎనిమిదీ ఉంచమనడం అత్యాశే. కానీ ఒక టర్బైను, కంట్రోల్ రూమ్ ప్యానెళ్లు, డ్రాయింగులు ఉంచడానికి ఒక షెడ్డు చాలు. ప్లాంటు ఉద్యోగుల కాలనీలోని క్వార్టర్ల సంగతి ఇంకా తేలిక: అవి మనుషులు ఉండగలిగే ఇళ్లు, మరమ్మతు చేస్తే అద్దె కూడా వస్తుంది. జర్మనీలోని ఎస్సెన్‌లో జోల్‌ఫెరైన్ బొగ్గుగని 1986లో మూతపడింది, 2001లో యునెస్కో జాబితాకెక్కింది. వాళ్లు డబ్బున్నవాళ్లు, నిజమే. అయితే గని మూతపడగానే అక్కడి రాష్ట్ర ప్రభుత్వం కొనేసి కూల్చివేతను ఆపింది, బాగుచేతకు ఏళ్లు పట్టింది. ముందు కావాల్సింది ఆ నిర్ణయమే. కేటీపీఎస్ అయిదో దశ యూనిట్లు 1990ల నాటివి, వాటి వంతూ వస్తుంది. వాటిలో, కాలనీలో ఉంచదగినవేవో తెలంగాణ 2017 వారసత్వ చట్టం కింద ఇప్పుడే జాబితా రాయాలి, టెండరు పిలిచాక కాదు.