రెండో బూరె

2015లో 'సైజ్ జీరో' చూస్తూ హాలంతా నవ్వుతోంటే నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పాత్ర కోసం అనుష్క ఒళ్లు చేసింది. నేనేమో 17వ ఏట ఒళ్లు తగ్గాలని ఓ స్లిమ్మింగ్ సెంటర్‌లో చేరినవాణ్ణి!

మూడు నెలలు మజ్జిగ, కీరదోస ముక్కలు. 11 కిలోలు తగ్గాను. "హీరోలా ఉన్నావురా!" అన్నారు కాలేజీలో. ఏడాది తిరక్కుండా 14 పెరిగాను. నా బద్ధకమేనని నన్ను నేనే తిట్టుకున్నాను. కడుపు మాడిస్తే శరీరం తన ఖర్చు తగ్గించుకుని, ఆకలి పెంచుతుందని తర్వాతెప్పుడో తెలిసింది.

బరువు తిరిగొచ్చింది సరే, భయం మాత్రం పోలేదు. ఇప్పటికీ పెళ్లి భోజనంలో రెండో బూరె వేయబోతే చెయ్యి అడ్డం పెడతాను. అమ్మ మొహం చిన్నబోతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! తగ్గాలనుకుంటే డాక్టర్నడిగి నెమ్మదిగా తగ్గండి. తెరమీది నడుము చూసి కంచం మీద కక్ష కట్టకండి!