మౌనమును సంగీతములోనిదే

మేము ఈ పాఠశాలయందు చదువుకొను దినములలో ఒక క్రిస్మసు పండుగకు నలుగురు బాలురము నాలుగు గళములతో నొక కీర్తన పాడవలసియుండెను. అందు బాసు గళము మా పాలిట బడెను. మూడవ చరణమున తక్కిన మువ్వురమును ఊరకుండగా మా మిత్రు డొక్కడే పాడవలెనని ఉపాధ్యాయులవారు నిర్ణయించిరి. అది మాకు అవమానముగ దోచెను. పండుగ రాత్రి ఆ చరణము రాగానే మేమును గొంతెత్తి పాడితిమి. మిత్రునికి శ్రుతి తప్పెను; నడుమనే యాగిపోయెను. సభలో నవ్వులు చెలరేగెను. మరునాడు అతడు మమ్మేమియు ననలేదు. మేమును క్షమాపణ వేడలేదు. అటుపిమ్మట నతడు పదిమందిలో పాడగా మేము వినలేదు.

ఇది జరిగిన చాల యేండ్లకు, చెన్నపురిలోని యొక సభామందిరమున నలుగురు విద్వాంసులు ఓలివియే మెస్సియాన్ రచించిన కాలాంత చతుష్టయమును వాయింపగా విను భాగ్యము మాకు గలిగినది. ఆయన ఫ్రాన్సు దేశీయుడు. 1908లో జన్మించి 1992లో మరణించెను. 1940లో యుద్ధమున జర్మనులకు చిక్కి, గెర్లిట్సు పట్టణము చెంతనున్న ఖైదీల శిబిరమున నుంచబడెను. ఫిడేలు, క్లారినెట్టు, చెల్లో అను పెద్ద ఫిడేలు వాయింప నేర్చిన మువ్వురు ఖైదీ లాయనకు దోడైరి. పియానో తానే వాయింప నెంచి, ఆ నాలుగు వాద్యములకును ఈ కృతిని గూర్చెను. ప్రకటన గ్రంథము 10వ అధ్యాయమున ఆకాశముతట్టు చేయెత్తి ప్రమాణము చేయు దేవదూతను స్మరించి రచించిన కృతి యిది. 1941 జనవరి 15వ తేదీన, కఠినమైన చలిలో, తోడి ఖైదీల యెదుటను కావలివారి యెదుటను దానిని తొలిసారి వాయించిరి.

ఇందు మన దేశపు సొమ్ము కొంత గలదు. మొదటి భాగమున పియానో నడక, 13వ శతాబ్దమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున వివరించిన దేశితాళములనుండి గైకొనబడినది. రాగవర్ధనము, చంద్రకళ, లక్ష్మీశము అను మూడు తాళములు గలిసి 17 కాలప్రమాణముల వరుసయై మరల మరల వచ్చును. స్వరసమూహముల వరుస 29. ఆ రెండు వరుసలును తిరిగి యొక్కచోట మొదలగు లోపుగనే ఆ భాగము ముగియును. చేయి యూపి కాలము చూపువాడు లేడు. ఒకరి నొకరు వినుచు నడువవలసినదే.

కృతికి 8 భాగములు. నలుగురును గలిసి వాయించునవి 4 మాత్రమే. మూడవదానిలో క్లారినెట్టు ఒంటరి. ఐదవదానిలో చెల్లోయు పియానోయు, కడపటిదానిలో ఫిడేలును పియానోయు వినబడును. మేము దీనిని పూర్వము రికార్డులలో వినియుంటిమి. రికార్డులో వాయించువారే గాని ఊరకున్నవారు లేరు. సభలోనో, వారును మన కన్నులయెదుట నుందురు. క్లారినెట్టు వినీవినబడని స్వరముతో నారంభించి క్రమముగ మందిరమంతయు నిండుచుండగా, తక్కిన మువ్వురును కదలక వినుచుండిరి. కడపటి భాగమున చెల్లో విద్వాంసునికిని క్లారినెట్టు విద్వాంసునికిని ఇక పని లేదు. అయినను లేచిపోలేదు. ఫిడేలు స్వరము పైపైకి బోయి, సన్నగిలి, మాయమగుచుండెను. ఆ క్షణమున ఒక కుర్చీ కిఱ్ఱుమన్నను సర్వము చెడును. వారిరువురును ఊపిరి బిగబట్టి దానిని గాచిరి. వారి మౌనము ఆ స్వరమునకు గోడయు గొడుగునై నిలిచినట్లు మాకు దోచెను.

మా కన్నులు చెమర్చినవి. మూడవ చరణమున మాకు నియమింపబడినది అవమానము గాదు, కాపు. మిత్రుని గళమును గాచుటకు నిలుపబడినవారమే దానిని పడద్రోసితిమి.

ఆ రాత్రియే అతనికి జాబు వ్రాసి, ఇన్నాళ్ళు వేడని క్షమాపణ వేడితిమి. పదునైదు దినములకు బదులు వచ్చెను. "రాబోవు క్రిస్మసునకు మా యూరికి రమ్ము. మూడవ చరణము నేను పాడెదను. నీవు నా ప్రక్కన గూర్చుండి వినుము" అని మాత్రమే వ్రాసినాడు.

మేము ప్రయాణమునకు సిద్ధపడుచున్నాము. ఈ పర్యాయము మా పాలు ఏదో మాకు చక్కగ దెలియును.