ప్రభుత్వ సౌలభ్యం కోసం

మా కాంట్రాక్టు రద్దు చేస్తూ వచ్చిన లేఖలో కారణం ఒక్క ముక్కే: ‘ప్రభుత్వ సౌలభ్యం కోసం’. తప్పు చేశామని కాదు, పని నచ్చలేదనీ కాదు. అమెరికా ఫెడరల్ కాంట్రాక్టుల్లో ఈ షరతు మామూలుగా ఉండేదేనట. పదకొండేళ్లుగా ఆ కాంట్రాక్టుల మీదే బతుకుతున్నా, ఆ పేరా ఎప్పుడూ చదివిన పాపాన పోలేదు. ఇల్లు కొనేటప్పుడు భూకంపం గురించి రాసిన పేరా ఎవరు చదువుతారు గనుక?

మేముండేది మేరీలాండ్ రాష్ట్రం గెయిథర్స్‌బర్గ్‌లో. వాషింగ్టన్ మెట్రో రెడ్ లైన్ చివరి స్టేషన్ షేడీ గ్రోవ్ మాకు దగ్గర. ఇక్కడ పొగ గొట్టాలు కనిపించవు. మా కౌంటీకి పెద్ద పరిశ్రమ ఏదంటే కేంద్ర ప్రభుత్వమే. బెథెస్డాలో జాతీయ ఆరోగ్య సంస్థలు (ఎన్‌ఐహెచ్), సిల్వర్ స్ప్రింగ్‌లో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ), మా ఊళ్లోనే తూనికలు, ప్రమాణాల సంస్థ (నిస్ట్). వాటిలో పర్మనెంట్ ఉద్యోగాలు దాదాపుగా అమెరికా పౌరులకే. మనవాళ్లలో నాకు తెలిసినవారు ఎక్కువగా కాంట్రాక్టరు దగ్గర సబ్‌కాంట్రాక్టరు, అతని దగ్గర ఇంకో సబ్‌కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లు. నేనూ అంతే. ఒక సంస్థ డేటాబేస్‌కు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. ఏ సంస్థ అనేది ఇక్కడ అనవసరం.

2014లో ఆ పనిలో చేరినప్పుడు హైదరాబాద్‌లో నాన్న సంబరం చూడాలి. అమెరికా వీసా వచ్చినప్పుడు కూడా అంత సంతోషపడలేదు. ‘ప్రైవేటువాడు ఇవాళ ఉంటాడు, రేపు బోర్డు తిప్పేస్తాడు. గవర్నమెంటు ఎక్కడికి పోతుందమ్మా?’ అనేది ఆయన సిద్ధాంతం. విచిత్రమేమిటంటే, ఆయన పనిచేసిన ప్రభుత్వ రంగ కర్మాగారం ఆయన కళ్ల ముందే ఖాయిలా పడింది. నెలల తరబడి జీతాల్లేవు. నేను డిగ్రీలో ఉండగా స్వచ్ఛంద పదవీ విరమణ కాగితం మీద సంతకం పెట్టి వచ్చి, ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నారు. ఆ డబ్బు అక్క పెళ్లికి సరిపోయింది. అయినా గవర్నమెంటు మీద నమ్మకం పోలేదు. మన దగ్గర డబ్బుల్లేక అలా అయింది, అమెరికాకు ఏం తక్కువ అనేవారు.

2025 జనవరి 28న ఫెడరల్ ఉద్యోగులందరికీ ఒక మెయిల్ వచ్చింది. ‘ఫోర్క్ ఇన్ ద రోడ్’ దాని శీర్షిక, అంటే దారి చీలే చోటు. ఇప్పుడు రాజీనామాకు ఒప్పుకుంటే సెప్టెంబర్ చివరిదాకా జీతం ఇస్తామన్నారు. అది చూడగానే నాకు నాన్న వీఆర్ఎస్ కాగితం గుర్తొచ్చింది. ఫిబ్రవరిలో ప్రొబేషన్‌లో ఉన్నవారిని వేలల్లో తీసేశారు. ఆ నెల 22న, గత వారం ఏమేం చేశారో అయిదు ముక్కల్లో రాయమని ఇంకో మెయిల్. ఏప్రిల్ 1న మా వంతు, అంటే ఆరోగ్య శాఖ వంతు వచ్చింది. ఆ శాఖలో 10,000 మందిని తొలగించాలన్నది నిర్ణయం. చాలామందికి ఆ సంగతి తెలిసింది ఆఫీసు గుమ్మం దగ్గరే. పొద్దున్నే క్యూలో నిలబడి, గుర్తింపు కార్డు పెడితే పచ్చ లైటు వెలగలేదు. మా పక్కింటాయన ఆ క్యూలో ఉన్నాడు. పందొమ్మిదేళ్ల సర్వీసు. ఇంటికొచ్చి చెట్ల కొమ్మలు కత్తిరిస్తూ సాయంత్రం దాకా బయటే ఉండిపోయాడు. ఏమని పలకరించాలో తెలియక నేను కర్టెన్ వేసేశాను.

వృథా లేదని నేననను. ఒకే నివేదికను ముగ్గురు కాంట్రాక్టర్లు మూడు రకాలుగా తయారు చేయడం కళ్లారా చూశాను. మమ్మల్ని అడిగితే ఎక్కడ కోయాలో వేలు పెట్టి చూపించేవాళ్లం. ఎవరూ అడగలేదు. ఆ మూడు నివేదికలూ చదివే అధికారిణిని ముందు తీసేశారు. చదివేవాళ్లే లేనప్పుడు నివేదికలెందుకని తర్వాత మా కాంట్రాక్టు తీసేశారు.

మే మొదటివారంలో మాకు అరగంట వీడియో కాల్. మా టీంలో ఖమ్మం కుర్రాడొకడున్నాడు, హెచ్1బీ వీసా. చట్టం ప్రకారం అతనికి 60 రోజుల గడువు. ఈలోగా ఉద్యోగమైనా దొరకాలి, దేశమైనా వదలాలి. యాభై ఏడో రోజున టెక్సాస్‌లో ఏదో దొరికి, సామాన్లు కార్లో వేసుకుని వెళ్లిపోయాడు. నా పరిస్థితి అంత ఘోరం కాదు. గ్రీన్‌కార్డు ఉంది, మావారికి ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం ఉంది. కానీ ఇంటి వాయిదాలు రెండు జీతాల లెక్కన పెట్టుకున్నవి. మేరీలాండ్‌లో నిరుద్యోగ భృతి ఎంత ఎక్కువిచ్చినా వారానికి 430 డాలర్లే. ఎంతమంది ఫెడరల్ ఉద్యోగులు పోయారో పత్రికలు రోజూ లెక్కలు వేసేవి. ఆ లెక్కల్లో నేను లేను. కాంట్రాక్టు మనిషిని కదా.

నాన్న రోజూ ఫోన్ చేసేవారు. ఓ రోజు ఆయనే నాకు వార్త చెప్పారు. 2021లో హైదరాబాద్ నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ల కోసం పెట్టిన ‘మిత్ర్’ క్లినిక్ జనవరిలో మూతపడిందట, అమెరికా సాయం ఆగినందుకు. దాన్ని నడిపించిన ప్రాజెక్టు బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీది. మా ఇంటి నుంచి గంట దూరం. ఆ యూనివర్సిటీ మార్చిలో 2,000కు పైగా ఉద్యోగాలు తీసేసింది. అందులో ఎక్కువ అమెరికా బయటివే. ఆ క్లినిక్‌ను తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో వేరే పేరుతో తెరిచారనుకోండి. ‘మీ వాళ్లు అక్కడ కుళాయి కట్టేస్తే మా నారాయణగూడలో నీళ్లు రావేమిటమ్మా’ అన్నారు నాన్న.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది ఆ కుళాయి సంగతే. మా ఇంట్లోనూ ఒకటుంది. తొమ్మిదేళ్లుగా రెండు వారాలకోసారి శనివారం ఇల్లు శుభ్రం చేయడానికి ఒకామె వచ్చేది. ఎల్ సాల్వడార్ మనిషి. మా అమ్మాయి సంగీతం సాధన చేసేదీ శనివారం పొద్దున్నే. ఆమె వాక్యూమ్ ఆపి మరీ వినేది. సరళీ వరసలు ఆమెకు నాకంటే బాగా వచ్చేశాయి. మేడ మీద బాత్రూంలోంచి వినపడేవి. కాల్ అయిన రాత్రి ఖర్చుల జాబితా రాసి, మొదటి గీత ఆమె పేరు మీదే కొట్టాను. మర్నాడు మెసేజ్ పెట్టాను: నా ఉద్యోగం పోయింది, ఇక రావద్దు, ఏమీ అనుకోవద్దు. ‘నో ప్రాబ్లెమ్’ అని జవాబిచ్చి, కింద దణ్ణం పెట్టే బొమ్మ పెట్టింది. నాకు కనీసం అరగంట కాల్ అయినా దక్కింది. ఆమెకు రెండు లైన్లు. ఆ వసంతంలో ఆమె చేసే ఏడిళ్లలో నాలుగు మానేశాయని తర్వాత తెలిసింది. ఆ నాలుగింటి వాళ్లదీ నాలాంటి కథే అయి ఉంటుంది. కానీ మా ఇంటి మటుకు ఆమెను తీసేసింది ట్రంప్ కాదు, ఎలాన్ మస్క్ కాదు. నేను.

రెండో గీత సంగీతం మీద పడింది. టీచరుగారు తన బేస్‌మెంట్‌లోనే పాఠాలు చెప్పేవారు. ‘ఫీజుదేముందండీ, తర్వాత ఇద్దురు గాని’ అన్నారు. ఆవిడ భర్తదీ కాంట్రాక్టు ఉద్యోగమే, అదీ ఊగుతోందని నాకు తెలుసు. ఓ నెల పంపించి, మొహం చెల్లక మాన్పించేశాను. రాక్‌విల్ వైపు మేం అప్పుడప్పుడూ వెళ్లే తెలుగు హోటల్లో మధ్యాహ్నం బఫే కూడా ఆ వేసవిలోనే ఎత్తేశారు.

అక్టోబర్ 1న ఏకంగా ప్రభుత్వమే మూతపడింది. బడ్జెట్ తగాదా తేలేసరికి 43 రోజులు పట్టింది. అప్పటికి నేను ఇంటర్వ్యూలకు తిరుగుతున్నాను. ప్రతిచోటా నాలాంటివాళ్లే వరుసగా కూర్చుని ఉండేవాళ్లు. నవంబర్ చివర్లో ఒక బీమా కంపెనీలో దొరికింది. జీతం పాతదానికంటే నాలుగో వంతు తక్కువ. ‘ప్రైవేటేనా?’ అని అడిగారు నాన్న. అవునన్నాను. కాసేపు మాట్లాడలేదు. ‘పోనీలే, మంచిదే’ అన్నారు.

మొదటి జీతం రాగానే ఆమెకు ఫోన్ చేశాను. శనివారాలు కుదరదంది. ఫ్రెడరిక్ దగ్గర ఏదో గోడౌన్‌లో వారాంతం షిఫ్టులో చేరిందట. క్షమించమని అడగాలనుకున్నాను గానీ, ఏ మాటలతో మొదలుపెట్టాలో తెలియలేదు. ఆమే మా అమ్మాయి గురించి అడిగింది. పాట ఎంతవరకు వచ్చింది, ఇప్పుడు పెద్దవి పాడుతోందా అని.

జూన్‌లోనే మాన్పించేశామని చెప్పాను.