పురానీ హవేలీలో బట్టల బీరువా

హైదరాబాదునుండి వరంగల్లు పోవు రాజమార్గమున ఉప్పల్ దాటిన పిమ్మట మేడిపల్లి వచ్చును. ఒకనాటి పల్లె నేడు నగరములో కలిసిపోయినది. పెంకుటిండ్లున్నచోట మేడలు లేచుచున్నవి. ఇల్లు మారునప్పుడెల్ల అటకమీది పాతపెట్టెలు దిగును. అత్తగారి కుంకుమభరిణ, మామగారి కండ్లజోడు, ఏ బిడ్డదో తెలియని పసిచొక్కా వానిలో బయటపడును. ఇట్టివానిని చేతబట్టి, ఉంచుకొందునా, పాతసామానులవాని కిత్తునా యని తటపటాయింపని యిల్లాలుండదు.

ఈ తలపుతోనే మేము మేడిపల్లినుండి ఉప్పల్, రామంతాపురము, అంబరుపేటల మీదుగా మూసీనది దాటి పురానీ హవేలీకి పోయితిమి. అచ్చట 1911లో గతించిన ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుగారి బట్టల బీరువా కలదు. బర్మాటేకుతో చేసిన యా బీరువా రెండంతస్తులది. పొడవు సుమారు 176 అడుగులు. ఒకమారు తొడిగిన దుస్తు నాయన మరల తొడుగలేదని జనులు చెప్పుకొందురు. 2000 సంవత్సరమునుండి యీ హవేలీలో నిజాము మ్యూజియము నడచుచున్నది.

అంత బీరువాకంటెను మమ్ము కదల్చినది యొక పాదరక్ష కథ. ఆ ప్రభువు కొనిన జాకబ్ వజ్రము తూకము 184.75 కారట్లు. ఆయన మరణానంతరము కుమారుడు ఉస్మాన్ అలీఖానుగారికి అది తండ్రి పాదరక్ష మొనలో దొరకినదనియు, ఆయన దానిని కాగితములపై బరువుగా వాడుకొనెననియు ప్రతీతి. 1995లో భారతప్రభుత్వము నిజాము నగలతోపాటు దానిని కొన్నది. నేడది రిజర్వుబ్యాంకు కాపుదలలో నున్నది. రత్నము సంగతి సరియే. తండ్రి తొడిగిన పాదరక్షలో చేయిపెట్టిన కొడుకునకు మొదట తగిలినదేమి? రత్నమా, తండ్రి యడుగు ఆనవాలా?

సోదరీమణులారా! వజ్రమునకు వెలకట్టుటకు యజమాని పేరు తెలియనక్కరలేదు. పసిచొక్కా వెల మాత్రము జ్ఞాపకమే. ఆ జ్ఞాపకము గల పెద్దమ్మ కన్నుమూసిననాడు అది వట్టి పీలిక. రాజుల దుస్తులకు మ్యూజియము కలదు. మన పెద్దల వస్తువులకు మనమే దిక్కు.

కావున పెట్టె తెరచిననాడు ఇంటి వృద్ధురాలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. ఇది యెవరిది, ఎప్పటిది, ఎందులకు దాచితిరని యడుగుడు. చెప్పినమాట చిన్నకాగితమున వ్రాసి వస్తువునకు కట్టుడు. నూలుబట్టను ఉతికి, బాగుగా ఆరబెట్టి, మెత్తని పాతపంచెలో చుట్టి, ఎండిన వేపాకు నడుమ నుంచుడు. అన్నియు దాచుట కుదరదు, ఒక్కటి చాలును. అయితే దానికి పేరుండవలెను.