హేడ్రియన్ సమాధి వెంట

మధ్యయుగాల రోమ్ నగరం మీద ఫెర్డినాండ్ గ్రెగరోవియస్ రాసిన ఎనిమిది సంపుటాల చరిత్ర చదవడానికి నాకు నచ్చిన దారి ఒకటుంది. ఒక్క కట్టడాన్ని ఎంచుకుని, చివరిదాకా దాని వెంటే నడవడం. పోపుల పేర్లు, పట్టాభిషేకాలు కలగాపులగమైపోతాయి. కట్టడం మాత్రం కదలదు. నేను ఎంచుకున్నది టైబర్ నది ఒడ్డున ఉన్న హేడ్రియన్ చక్రవర్తి సమాధి.

537లో గోతులు అనే జర్మానిక్ తెగవారు నగరాన్ని ముట్టడించేనాటికి ఆ సమాధి కోటగా మారింది. లోపలి సైనికులు దాని మీదున్న పాలరాతి విగ్రహాలను పగలగొట్టి, నిచ్చెనలతో వచ్చిపడుతున్న శత్రువుల నెత్తిన వేశారు. అదే ముట్టడిలో గోతులు ఊరికి నీళ్లు తెచ్చే కాలువలన్నీ తెగ్గొట్టారు. ఆ నీటితో తిరిగే పిండిమరలు ఆగిపోయాయి. అప్పుడు నగరాన్ని కాపాడుతున్న తూర్పు రోమన్ సేనాని బెలిసేరియస్ టైబర్ ప్రవాహంలో పడవలు జంటలుగా కట్టించి, వాటి మధ్య చక్రాలు అమర్చి, పిండి ఆడించి జనానికి తిండి పెట్టాడు. ఎన్ని యుద్ధాలు చదివినా నా మనసులో నిలిచిపోయింది ఈ పడవల మరలే. కొండల మీది పేటలకు నీరందక జనం మెల్లగా నది వంపులోకి దిగి కాపురాలు పెట్టుకున్నారు. ఆ తర్వాతి వెయ్యేళ్ల రోమ్ రూపం అలా ఏర్పడింది. 546లో గోతురాజు టోటిలా లోపలికి వచ్చేసరికి సామాన్య జనంలో మిగిలింది ఐదువందల మందేనని ఆనాటి చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. లక్షలమంది బతికిన ఊరది!

గ్రెగరోవియస్ పుస్తకం గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. రోమ్ వైభవం రాయడానికి ఎందరో ఉన్నారు. ఫోరంలో పశువులు మేసిన కాలాన్ని, పాలరాతి శిల్పాలను బట్టీల్లో కాల్చి సున్నం చేసిన కాలాన్ని ఇంత ఓపికగా, ఇంత ప్రేమగా రాసినవాడు ఈయన. తూర్పు ప్రష్యాలో 1821లో పుట్టి, 1852లో ఇటలీ చేరాడు. ఏ విశ్వవిద్యాలయంలోనూ ఆచార్యుడు కాడు, కలమే జీవనాధారం. 1854లో టైబర్ దీవికి వెళ్లే వంతెన మీద నిలబడి నగరాన్ని చూస్తుంటే ఈ చరిత్ర రాయాలన్న ఆలోచన పుట్టింది. మొదటి సంపుటం 1859లో, చివరిది 1872లో వచ్చాయి. అన్నీ సమానంగా సాగవు. పోపుల ఎన్నికల తగాదాలు విసిగిస్తాయి. పడవవాళ్లు, రొట్టెలు కాల్చేవాళ్లు అరుదుగా తప్ప కనిపించరు. ఆ లోటు నన్ను బాధిస్తూనే ఉంటుంది.

మళ్లీ మన సమాధి దగ్గరికి వద్దాం. 590లో మహమ్మారి చెలరేగినప్పుడు దాని మీద దేవదూత మైకేల్ కత్తిని ఒరలో పెడుతూ కనిపించాడని కథ. సమాధికి తర్వాత వచ్చిన ఏంజెలో కోట అన్న పేరు ఆ దూతదే. 998లో అక్కడ తలదాచుకున్న రోమన్ ప్రభువు క్రెసెంటియస్‌ను మూడో ఓటో చక్రవర్తి చంపించాడు. 1084లో ఏడో గ్రెగరీ పోపు అందులో చిక్కుకున్నాడు. ఆయన్ను విడిపించడానికి వచ్చిన నార్మన్లే ఊరిని తగలబెట్టారు. 1379లో రోమన్లు స్వయంగా ఆ కోట పాలరాతి తొడుగును ఊడబీకారు. 1527లో చక్రవర్తి సైన్యం ఊరిని దోచుకుంటుంటే ఏడో క్లెమెంట్ పోపు పరుగెత్తింది అక్కడికే.

చివరి సంపుటాలు సిద్ధమవుతుండగానే, 1870లో, రోమ్‌పై పోపుల రాజ్యాధికారం ముగిసింది. 1874లో కాథలిక్ చర్చి ఈ పుస్తకాన్ని నిషిద్ధ గ్రంథాల జాబితాలో చేర్చింది. 1876లో రోమ్ నగరం గ్రెగరోవియస్‌కు గౌరవ పౌరసత్వం ఇచ్చింది.

కొత్తగా చదవబోయేవారికి నా సలహా: ఆరో సంపుటంతో మొదలుపెట్టండి. పోపులు ఆవిన్యోన్‌కు వెళ్లిపోయిన రోజులవి. పూటకూళ్లింటివాడి కొడుకు కోలా ది రియెంజో 1347 మే నెలలో నగరాన్ని చేతుల్లోకి తీసుకుని, ప్రాచీన రోమ్‌ను లేపి నిలబెడతానన్నాడు. డిసెంబరులో పారిపోయి దాక్కున్నదీ ఆ కోటలోనే. ఏడేళ్లకు తిరిగివచ్చి, కాపిటల్ కొండ దగ్గర అదే జనం చేతుల్లో చచ్చిపోయాడు. కోలాను గ్రెగరోవియస్ వెక్కిరించడు, వీరుణ్ని చేసి పూజించనూ పూజించడు. శిథిలాల మధ్య పెరిగిన కుర్రాడికి ఆ రాళ్లు ఏమేం చెప్పి ఉంటాయో ఆరా తీస్తాడు.